చెల్లి బుగ్గ మీది కాయ: పెళ్లికి ముందు తీయించాలా, తర్వాతా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ చెల్లికి ఇరవై మూడేళ్లు. ఎడమ బుగ్గ మీద రెండేళ్లుగా శనగగింజంత కాయ ఉంది. నొప్పి లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. పది రోజుల క్రితం పక్కింటి పిన్నిగారు "లోపల తెల్లటి గింజ ఉంటుంది, అది వచ్చేస్తే పోతుంది" అని గోళ్లతో గట్టిగా పిండారు. కొంచెం వాసనేసే తెల్లటి ముద్ద వచ్చింది. మూడో రోజుకి అది ఉసిరికాయంత అయి, ఎర్రబడి, సలుపు మొదలైంది. ఇప్పుడు సున్నం, బెల్లం కలిపి పట్టు వేస్తున్నారు. పెళ్లి మాఘమాసంలో, అంతర్వేది తీర్థం వెళ్లాక. అంటే చేతిలో పన్నెండు వారాలు. ఊళ్లో ఆర్.ఎం.పి. గారు "పది నిమిషాల పని, ఇప్పుడే కోసేద్దాం" అంటున్నారు. ఇప్పుడే తీయించేస్తే పెళ్లినాటికి మచ్చ మాసిపోతుందా అని మీరు అడిగారు.

మాసిపోదు. ఇప్పుడు కోస్తే మచ్చ పెద్దదవుతుంది, కాయ మళ్లీ వచ్చే అవకాశం కూడా ఎక్కువ. నేను కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదువుకుని, ఇరవై ఐదేళ్లుగా కోనసీమలోనే సర్జరీ చేస్తున్నాను. ముఖం మీద మచ్చ గురించి వచ్చేవాళ్లందరూ ఏ క్రీము రాయాలని అడుగుతారు. మచ్చ ఎలా ఉంటుందన్నది చాలావరకు కత్తి పెట్టే రోజే తేలిపోతుంది. కాయ చల్లబడి ఉన్నప్పుడు కోశారా, లోపలి సంచి మొత్తంగా వచ్చిందా, గాటు ముఖంలోని మడత వెంట పడిందా, చర్మం లాగకుండా కుట్టారా అన్నవే ముఖ్యం. క్రీములు వీటి తర్వాతే.

ముందు అది ఏమిటో చెబుతాను. మీరు చెప్పిన గుర్తులన్నీ ఎపిడెర్మాయిడ్ సిస్ట్‌కి సరిపోతున్నాయి. చాలామంది డాక్టర్లు కూడా అలవాటుగా సెబేషియస్ సిస్ట్ అంటారు గానీ లోపల ఉండేది నూనె కాదు, కొవ్వు కాదు. చర్మం పైపొర రోజూ రాలుస్తుండే కెరాటిన్ అనే పదార్థం, గోళ్లలో, వెంట్రుకల్లో ఉండేదే. వెంట్రుక మొదలు దగ్గర పైపొర కొంచెం లోపలికి ముడుచుకుపోయి సంచిలా మారుతుంది. ఆ సంచి గోడ చర్మమే కాబట్టి తన పని తను చేసుకుంటూ పోతుంది, పొట్టు లోపలికే రాలుస్తుంది, అది బయటికి పోయే దారి లేక ముద్ద కడుతుంది. కాయ నడినెత్తిన చిన్న నల్లచుక్క ఉందేమో చూడండి. ఉంటే అదే ఆ సంచి నోరు. ఇది కేన్సర్ కాదు, అంటుకునేది కాదు, ముఖం సరిగ్గా కడుక్కోకపోవడం వల్ల వచ్చిందీ కాదు. మీ చెల్లికి ఈ మాట తప్పకుండా చెప్పండి. పెళ్లి కుదిరిన అమ్మాయి ముఖం మీద వాపు వస్తే ఇంట్లో తలా ఒక మాట అంటారు, అదంతా తన తప్పేనని తను అనుకుంటూ ఉంటుంది.

పిండినప్పుడు కొంత ముద్ద బయటికి వచ్చింది గానీ, ఆ ఒత్తిడికి సంచి గోడ లోపలివైపు కూడా చిట్లింది. కెరాటిన్ సంచిలో ఉన్నంతసేపు ఒంటికి దానితో పేచీ లేదు. సంచి దాటి చుట్టూ ఉన్న కండలోకి చిందితే మాత్రం ముల్లు విరిగి లోపల ఉండిపోయినట్టు లెక్క. ఒళ్లు దాని మీదకి రక్తకణాలను పంపుతుంది, ఎరుపు, వాపు, సలుపు అలా వస్తాయి. అందుకే అన్నిసార్లూ అది క్రిముల పని కాదు, యాంటీబయాటిక్ ఎన్ని మింగినా వెంటనే తగ్గకపోవడానికి కారణం ఇదే. ఈ స్థితిలో చర్మం తడిసిన అట్టలా ఉంటుంది. కుట్టు వేస్తే దారం కోసుకుపోతుంది. సంచికీ, చుట్టూ ఉన్న కండకీ హద్దు కనిపించదు.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. ప్రాక్టీసు మొదలెట్టిన రెండో ఏడాది లంక గ్రామం నుంచి ఒక తండ్రి పంటు మీద గోదావరి దాటి కూతుర్ని తీసుకొచ్చాడు. ఇలాగే వాచిన కాయ, ఇరవై రోజుల్లో పెళ్లి. "ఏదో ఒకటి చేయండి బాబూ" అని చేతులు పట్టుకున్నాడు. కాదనలేక కోశాను. సంచి ముక్కలు ముక్కలుగా వచ్చింది, ఎంత వచ్చిందో ఎంత ఉండిపోయిందో నాకే తెలియలేదు. ఆరో రోజున కుట్లు విడిపోయాయి. గాయం దానంతటది పూడుకుని, చిటికెన వేలి గోరంత వెడల్పు మచ్చ మిగిలింది. ఎనిమిది నెలలకి ఆ మచ్చ కిందే కాయ మళ్లీ లేచింది. రెండోసారి తీసినప్పుడు మొదటిదానికి రెట్టింపు గాటు పెట్టాల్సి వచ్చింది. ఆ అమ్మాయి ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఎర్రగా ఉన్న కాయను పెళ్లి ముహూర్తం కోసం నేను ఎప్పుడూ కోయలేదు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ఆ సున్నం పట్టు ఈరోజే ఆపించండి. సున్నం క్షారం, వాచిన చర్మాన్ని అది కాలుస్తుంది, ఆ కాలిన మచ్చ కాయ మచ్చకి తోడవుతుంది. జిల్లేడు పాలు రాయమని ఎవరైనా అంటే అసలు ఒప్పుకోకండి, అవి కంట్లో పడితే చూపుకే ముప్పు. బదులుగా శుభ్రమైన గుడ్డ గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండి, రోజుకి మూడు నాలుగుసార్లు పదేసి నిమిషాలు ఆన్చి ఉంచండి. నొక్కొద్దు. రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టకపోయినా, కాయ మెత్తబడి లోపల కదులుతున్నట్టు అనిపించినా చీము చేరినట్టే, సర్జన్ దగ్గరికి వెళ్లాలి. జ్వరం వచ్చినా, వాపు కంటి రెప్ప వైపు పాకినా రేపటిదాకా కూడా ఆగొద్దు. ముఖం మధ్య భాగంలోని రక్తనాళాలకి కంటి వెనక నుంచి తల లోపలికి దారి ఉంటుంది. చాలా అరుదు, కానీ క్రిములు ఆ దారి పట్టాయంటే ప్రాణం మీదకి వస్తుంది.

చీము ఉంటే సర్జన్ చిన్న గాటుతో బయటికి వదిలేస్తారు. దాన్ని కాయ తీసేయడం అనుకోకండి. సంచి లోపలే ఉంటుంది, ఉండనివ్వాలి. చీము లేకుండా ఒట్టి వాపే అయితే పల్చన చేసిన స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొద్దిగా లోపలికి ఇస్తే కొద్దిరోజుల్లోనే అణుగుతుంది. ఇది చర్మవ్యాధుల డాక్టరు చేయాల్సిన పని. మోతాదు మించితే అక్కడ చర్మం గుంట పడుతుంది.

ఇక వారాల లెక్క వేద్దాం. వాపు పూర్తిగా అణగడానికి రెండు వారాలు. ఆ తర్వాత చర్మం మామూలు మెత్తదనానికి రావడానికి కనీసం నాలుగు నుంచి ఆరు వారాలు. అంటే ఆపరేషన్‌కి సరైన సమయం ఆరు, ఎనిమిది వారాల మధ్య వస్తుంది. అప్పటికి పెళ్లికి మిగిలేది ఒక నెల, మహా అయితే నెలన్నర. కుట్టిన మచ్చ అన్నిటికన్నా ఎర్రగా, కొంచెం ఉబ్బెత్తుగా కనిపించేది సరిగ్గా ఒకటి, రెండు నెలల మధ్యనే. ఎంత బాగా కుట్టినా ఇది తప్పదు. పీటల మీద కూర్చునే రోజుకి ఎర్ర గీతతో కూర్చోవాలి. అదే పెళ్లికి ముందు కాయను చల్లబరిచి వదిలేస్తే పాత శనగగింజ మిగులుతుంది, మామూలు మేకప్‌తో ఫోటోలో కనిపించదు. కాబట్టి నా సలహా పెళ్లయ్యాక, తీరిగ్గా తీయించమనే. ఈలోగా పార్లర్ వాళ్లకి చెప్పి ఆ చోట స్క్రబ్, బ్లీచ్ చేయనివ్వకండి. పెళ్లికూతురిని చేసే రోజు నలుగు పెట్టేటప్పుడు కూడా ఆ బుగ్గను రుద్దొద్దని పెద్దవాళ్లకి ముందే చెప్పండి. అబ్బాయి వాళ్లకి కూడా ఉన్నమాట చెప్పేయండి. దాచాల్సిన జబ్బేం కాదు ఇది.

ఒక విషయంలో మాత్రం నేను స్క్రీన్ మీద చూసి తీర్పు చెప్పలేను. ముఖం మీది ప్రతి గుండ్రటి వాపూ ఇలాంటి సిస్టే కానక్కర్లేదు. చెవి తమ్మె ముందు గానీ కింద గానీ ఉంటే అది లాలాజల గ్రంథి గడ్డ కావచ్చు. ముఖాన్ని కదిలించే నరం ఆ గ్రంథి మధ్యలోంచే వెళుతుంది, పైపైన కోస్తే మూతి వంకరపోతుంది. కనుబొమ్మ చివర పుట్టుకతోనే ఉన్నది డెర్మాయిడ్ అనే మరో రకం సంచి కావచ్చు, అది ఎముకని ఆనుకుని ఉంటుంది. ముక్కు దూలం మీద ఉన్నదైతే లోతు ఎంతో స్కాన్ చూడనిదే ముట్టుకోకూడదు. దవడ మీద మానినట్టే మాని మళ్లీ మళ్లీ చీము కారే పుండుకి మూలం తరచుగా పుప్పి పన్ను. పన్ను సంగతి చూడకుండా చర్మాన్ని నాలుగుసార్లు కోయించుకున్న వాళ్లని చూశాను. పెద్దవయసులో కొత్తగా వచ్చి, ముత్యంలా మెరుస్తూ, గీరుకుంటే రక్తం వచ్చే కాయ అయితే కేన్సర్ కాదని ముందు తేల్చుకోవాలి. మీ చెల్లిది చేత్తో చూడగలిగినవాళ్లు చూడాలి. ఆర్.ఎం.పి. గారు జ్వరానికి మందివ్వొచ్చు, ఆపదలో ఆదుకునే మనిషే కావొచ్చు. ముఖం మీద కత్తి మాత్రం ఆయన పని కాదు. అమలాపురం, భీమవరం, రాజమండ్రి, కాకినాడ, ఎటు వెళ్లినా ప్లాస్టిక్ సర్జన్ గానీ, ముఖం మీద తరచూ ఆపరేషన్లు చేసే సర్జన్ గానీ దొరుకుతారు.

ఆపరేషన్ రోజు ఏం జరుగుతుందో వివరంగా చెబుతాను, తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. ముందు పడుకోబెట్టను, కుర్చీలో కూర్చోబెడతాను. నవ్వమంటాను, మూతి సున్నాలా చుట్టమంటాను, కళ్లు గట్టిగా మూయమంటాను. బుగ్గ మీద సన్నని గీతలు ఎటు పడుతున్నాయో చూసి పెన్నుతో గీస్తాను. పడుకుంటే ముఖం చర్మం పక్కకి జారుతుంది, గీత తప్పుతుంది. 1861లో లాంగర్ అనే శరీరశాస్త్రవేత్త శవాల చర్మంలో గుండ్రటి మొనతో పొడిచి చూస్తే రంధ్రాలు గుండ్రంగా ఉండకుండా కోలగా సాగాయి. చర్మం ఒక్కో చోట ఒక్కో వైపు లాగుతుందని దానితో తెలిసింది. బతికున్న ముఖంలో ఆ దారిని మడతలే చూపిస్తాయి. మడత వెంట పెట్టిన గాటు అందులో కలిసిపోతుంది. అడ్డంగా పెట్టిన గాటును ప్రతి నవ్వూ రెండు వైపులా లాగుతూనే ఉంటుంది.

తర్వాత మొద్దుబారే ఇంజెక్షన్. లిగ్నోకెయిన్‌లో కొంచెం అడ్రినలిన్ కలిపింది. మొదటి పది సెకన్లు చీమ కుట్టినట్టు మండుతుంది, ఆపరేషన్ మొత్తంలో నొప్పి అంతే. అడ్రినలిన్ రక్తనాళాలను ముడవాలంటే పది నిమిషాలైనా ఆగాలి. ఆగితే గాయంలో రక్తం లేకుండా సంచి గోడ స్పష్టంగా కనిపిస్తుంది. సూది పొడిచిన వెంటనే కత్తి అందుకునే చోట చేయించుకోకండి.

చల్లబడి ఉన్న కాయకి పెద్ద గాటు అక్కర్లేదు. నల్లచుక్కను కలుపుకుని కోలగా చిన్న ముక్క తీస్తాం. కొన్నిటికి మూడు, నాలుగు మిల్లీమీటర్ల గుండ్రటి పంచ్‌తో రంధ్రం చేసి, లోపలిది వదిలేసి, ముడుచుకున్న సంచిని ఆ రంధ్రంలోంచే లాగుతాం. ఇది ఒకసారి పిండించుకున్న కాయ కాబట్టి సంచి చుట్టూ అతుక్కుని ఉంటుంది. అందుకే నేనైతే కొంచెం పెద్ద గాటుకే మొగ్గు చూపుతాను. తాటిముంజ చిట్లకుండా టెంక లోంచి బొటనవేలితో తీస్తారు చూడండి, అలా సన్నని కత్తెర మొనతో చుట్టూ విడదీసుకుంటూ పోవాలి. సంచి ముత్యం రంగులో మెరుస్తూ, ఉల్లిపొర అంత పల్చగా ఉంటుంది. చిట్లితే వాసన గదంతా వ్యాపిస్తుంది. చిట్లినా ఫరవాలేదు, గోడ మొత్తం వచ్చిందని చూసుకోవాలి. బియ్యపుగింజంత ముక్క మిగిలినా అదే మళ్లీ సంచి కట్టుకుంటుంది. "మళ్లీ వచ్చింది" అనే వాళ్లలో చాలామంది కథ ఇదే.

తీసినది ఎంత మామూలుగా కనిపించినా ఫార్మలిన్ సీసాలో వేసి ల్యాబ్‌కి పంపమనండి. రిపోర్టు కాగితం దాచుకోండి.

కుట్టు రెండు వరసలు. లోపల కరిగిపోయే దారం, పైన వెంట్రుకంత సన్నని 6-0 నైలాన్ దారం. రెండు వారాలకి గాయం బలం మామూలు చర్మంలో పదో వంతుకి అటూ ఇటూ మాత్రమే. మూడు నెలలకి 80 శాతం వస్తుంది, ఆపైన ఇక పెరగదు. పై కుట్లు తీసేశాక ఆ బలహీనమైన వారాల్లో చర్మాన్ని పట్టి ఉంచేది లోపలి కుట్టే. అది వేయకపోతే గీత నెమ్మదిగా వెడల్పవుతుంది. పై కుట్లు ముఖం మీద ఐదో రోజున, ఆలస్యమైతే ఏడో రోజున తీసేయాలి. పది పన్నెండు రోజులు ఉంచితే దారం కింద చర్మం కోసుకుని, రైలు పట్టాల్లా అడ్డగీతలు పడతాయి, అవి ఇక పోవు. "పనిలో పడి పదిహేను రోజులకి వచ్చాం" అనే మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది. అంత జాగ్రత్తగా కుట్టింది అంతా అక్కడే పోతుంది. కుట్లు తీసే తేదీ ఆపరేషన్ రోజునే చీటీ మీద రాయించుకోండి. తీశాక రెండు వారాలు గాయం మీద సన్నని పేపర్ టేపు అంటించి ఉంచితే మంచిది.

మొదటి రోజు తడపొద్దు. మర్నాటి నుంచి మామూలు సబ్బునీళ్లతో సుతారంగా కడిగి, అద్ది, పల్చగా వాజ్‌లైన్ రాస్తుండాలి. గాయం ఆరి పొక్కు కడితే త్వరగా మానుతుందని అందరూ అనుకుంటారు, నిజానికి తేమగా ఉన్న గాయమే త్వరగా, సన్నగా మానుతుంది. పసుపు, కొబ్బరినూనె, బూడిద, పౌడర్ ఏదీ వద్దు. మీ చెల్లి రొయ్యల ప్లాంటులో పనిచేస్తుందని రాశారు. అక్కడి నీళ్లు ముఖం మీద చిందుతాయి, మాస్కు అంచు సరిగ్గా ఆ చోటే ఒరుసుకుంటుంది. కుట్లు తీశాక ఇంకో వారం దాకా సెలవు అడగండి. కాలువ స్నానం, చెరువు నీళ్లు కూడా గాయం పూర్తిగా మూసుకునేదాకా వద్దు.

పథ్యం సంగతి. మన వైపు ఆపరేషన్ అనగానే పప్పు, గుడ్డు, చేప, వంకాయ అన్నీ మాన్పించేస్తారు, "చీము పడుతుంది" అని. చీము పట్టేది క్రిములతో, పప్పుతో కాదు. గాయం పూడ్చడానికి ఒంటికి కావాల్సిన మాంసకృత్తులు ఉండేవి ఆ మాన్పించే వాటిలోనే. కారప్పొడి మెతుకులు పెట్టి పిల్లని నీరసపెట్టకండి. గుడ్డు పెట్టండి, పప్పు పెట్టండి, కొర్రమీను దొరికితే పులుసు పెట్టండి. షుగరు ఉంటే మాత్రం ముందే అదుపులోకి తెచ్చుకోవాలి. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే డాక్టరుకి చెప్పాలి, సొంతంగా ఆపకూడదు.

మచ్చ ఒకటి రెండు నెలలప్పుడు గట్టిగా, ఎర్రగా ఉంటుంది. ఆరు నెలలకి మెత్తబడుతుంది, ఏడాది, ఏడాదిన్నరకి తెల్లబడి చర్మంలో కలుస్తుంది. రెండో నెలలో అద్దం చూసుకుని ఏడవొద్దని ముందే చెప్పి ఉంచండి. కుట్లు తీసి గాయం మూసుకున్నాక సిలికాన్ జెల్ గానీ, సిలికాన్ పట్టీ గానీ రెండు మూడు నెలలు వాడొచ్చు. పట్టీ అయితే రోజుకి పన్నెండు గంటలైనా ఉండాలి, మన ఉక్కపోతలో చెమటకి ఊడిపోతుంది కాబట్టి రాత్రి పట్టీ, పగలు జెల్ చేయమంటాను. మూడో వారం నుంచి వేలి కొసతో మెల్లగా మర్దన చేసుకోవచ్చు. మన చామనఛాయ చర్మానికి అసలు శత్రువు ఎండ. కొత్త మచ్చ మీద ఎండ పడితే అది నల్లబడుతుంది, ఆ నలుపు గాటుకన్నా ఎక్కువ కాలం కనిపిస్తుంది. ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గని సన్‌స్క్రీన్ ఏడాది పాటు రాసుకోవాలి, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి. విటమిన్ ఇ క్యాప్సూల్ చిదిమి రాయడం వల్ల మచ్చ తగ్గదు, కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి. మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే తెల్లబడే క్రీములు అసలు వద్దు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి ఎర్రనరాలు తేలతాయి.

చివరగా మీరు రాయని విషయం ఒకటి అడగాలి. కొందరి ఒంట్లో మచ్చ గాయం హద్దు దాటి పెరుగుతుంది, దాన్ని కీలాయిడ్ అంటారు. చెవి తమ్మెలు, గుండె మీద, భుజాల మీద ఎక్కువ. బుగ్గ మీద తక్కువే అయినా, ఆ గుణం ఉన్న మనిషి అయితే సర్జన్‌కి ముందే తెలియాలి. అప్పుడు మచ్చ గట్టిపడుతున్న మొదట్లోనే ఇంజెక్షన్ మొదలుపెట్టొచ్చు. మీ చెల్లి చెవులు, ముక్కు కుట్టించుకున్న చోట గట్టి గుండు లాంటిది ఏమైనా లేచిందా? చిన్నప్పుడు ఎడమ భుజం మీద వేసిన బి.సి.జి. టీకా మచ్చ చదునుగా ఉందా, ఉబ్బి దురద పెడుతోందా? మీ అమ్మగారికి గానీ, అక్కచెల్లెళ్లకి గానీ అలా ఉందా? చూసి ఇక్కడే రాయండి.